మూడో చట్రం మూర్ఛ

మృగశిర కార్తె, మొదటి రోజు

నిలబడ్డాయి! పన్నెండు చట్రాలకు పన్నెండూ నిలబడ్డాయి, పేట కదలక్కర్లేదు, ఇదంతా చేసింది నా కూతురు గవిరి!

హమ్మయ్య, రాసేశాను. ఇక నెమ్మదిగా రాస్తాను. 

నా పేరు సూరాడ దానయ్య. డెబ్భై ఒక్క ఏళ్లు. చదివింది ఐదో తరగతి, అదీ సగం. సముద్రం మీద దిమ్మెలు కట్టి తేల్చిన ఈ తేలుడుపేటలో మంచినీళ్లు తీసే నీటిల్లు చూసుకునేది నేనే. రోజూ చట్రాలు తుడిచి, జాడీల్లో నీళ్లెంత దిగాయో చూసి, పుస్తకంలో రెండు పంక్తులు రాయడం నా పని. ఇవాళ మా పేట పెద్ద బర్రి కూర్మారావు కొత్త పుస్తకం ఒకటి నా ఒళ్లో పెట్టాడు.

"జరిగింది జరిగినట్టు మొత్తం రాయి మావా. రేపు వేరే పేటలోళ్లు సదువుతారు. ఈపాలి మాత్రం పని సేసినాక రాయి, సేయకముందు కాదు" అన్నాడు.

పక్కనున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ఎందుకో కిందికి చదివితే మీకే తెలుస్తుంది. నేనూ నవ్వాను. ఇవాళ నన్ను ఎవరు ఏమన్నా నవ్వే వస్తోంది.

పాత పుస్తకం పక్కన పెట్టుకుని, ఏ రోజుకారోజు తీసి, అప్పుడు రాయకుండా వదిలేసినవి కూడా కలిపి రాస్తున్నాను.

కృత్తిక కార్తె, 1వ రోజు

తెల్లారగానే తడిగుడ్డ తీసుకుని చట్రాల అంచులకు పేరుకున్న ఉప్పు తుడిచాను. చట్రం తలుపంత ఉంటుంది. దాని మధ్య బిగించిన పొర వంకాయ రంగులో నిగనిగలాడుతుంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు గాజు జాడీ. ఎండ తగిలితే చాలు, పొరలోని ప్రోటీన్ ఉప్పును సముద్రం వైపుకే నెట్టేస్తుంది, జాడీలోకి మంచినీళ్లు బొట్టుబొట్టుగా దిగుతాయి. ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నాను, ఇప్పటికీ మొదటి బొట్టు పడేదాకా అక్కడే నిలబడతాను.

ఆ ప్రోటీన్ మనుషులు కనిపెట్టింది కాదు. ఉప్పు మళ్లలో నీళ్లను ఎర్రగా మార్చే పురుగు ఒకటుంది, కంటికి ఆనదు. ఉప్పులోనే పుట్టి ఉప్పులోనే బతుకుతుంది. ఆ పురుగు ఒంట్లోది ఇది. గవిరి ఆ పురుగులను తొట్టెల్లో చేపల గంజి పోసి పెంచుతుంది, వాటి పొర తీసి చట్రాలకు పరుస్తుంది. పేటలో నాలుగువందల ముప్పై గడపలు, మనిషికి రోజుకు మూడు చెంబులు. అన్నీ ఆ వంకాయ రంగులోంచి వచ్చినవే.

పొద్దెక్కాక కూర్మారావు గంట కొట్టి అందరినీ పిలిచాడు. ఒడ్డు మీది అధికారుల దగ్గర్నుంచి కాగితం వచ్చింది. కిందటి ఏడాది రోహిణి కార్తెలో ఎండకు తొమ్మిది చట్రాలు పోయి పేట గొంతెండిపోయింది కదా, ఈసారి అలా ఊరుకోరట. రోహిణి వెళ్లేలోపు పేట ట్యాంకులో నీళ్లు వరసగా మూడు రోజులు ఎర్రగీత కిందే ఉంటే పేటను విప్పేస్తారు. మనుషులను మూడు క్యాంపులకు పంచుతారు. చీట్లు కూడా ముందే తీశారు. నాకూ నా భార్య తవిటమ్మకూ సీతంపేట కొండ మీది క్యాంపు. గవిరికి పాతపట్నం.

"సేపల వాసన నేకుండా కొండ మీద నీకు నిద్దర పడతాదేటి?" అంది తవిటమ్మ.

"నీకు పడతాదా?"

"నాకు నీ గురక ఉంటే సాలు" అని అటు తిరిగి కూర్చుంది. ఆ పూట ఇద్దరమూ అన్నం సరిగా తినలేదు.

కృత్తిక కార్తె, 4వ రోజు

గవిరికి అన్నం క్యారేజీ పట్టుకెళ్లాను. తొట్టెల గదిలో గాజుపుల్ల చివర బొట్టంత పొర పట్టుకుని వెలుగుకు ఎత్తి చూస్తోంది. నలభైకి దగ్గరపడింది, అయినా అలా చూస్తున్నప్పుడు చిన్నప్పుడు ఎండ్రకాయను పట్టుకుని చూసిన పిల్లే నాకు కనిపిస్తుంది. అప్పుడూ ఇంతే, వేలు కొరికినా వదిలేది కాదు.

"అమ్మీ, ఇది ఎండకి ఎందుకు సస్తంది? నాకు అర్దమయ్యేలా సెప్పు" అన్నాను.

"ప్రోటీన్ అంటే ఒక పొడుగు తాడనుకో నాన్నా. అది ఏడు మెలికలు తిరిగి నూనెలాంటి పొరలో నిలబడతాది. మెలికల మద్దిన హైడ్రోజన్ బందాలని ఉంటాయి, సిన్న సిన్న పట్లు. ఎండకి వేడెక్కితే మెలికలు ఇడిపోతాయి. రంగు పోతాది."

"గట్టిగా పట్టుకోమను మరి."

"అదే నా బాద!" అంటూ పుల్ల కింద పెట్టింది. "నీళ్లలో తిరిగే ప్రోటీనుకైతే సుట్టూ నీరుంటాది. ఆ నీరు కూడా సెయ్యి పట్టుకుంటానని పోటీకొస్తాది, అందుకని పట్టు లూజు. పొర లోపల నీరు నేదు, పోటీ నేదు. మరి పట్టు గట్టిగా ఉండాల గదా? అందరూ అదే అనుకున్నారు, నానూ అదే అనుకున్నాను. ఒక్కో పట్టు తీసేసి సూసినాను. ఒకటి తీస్తే అర డిగ్రీ తేడా. ఇంకోటి తీస్తే డిగ్రీ. ఇంకోటి తీస్తే ఏటీ నేదు! ఇంత బలగీనమైన పట్ల మీద మనం నీళ్లు తాగుతున్నాం నాన్నా."

అందుకని ఈ ఏడు తను బలమైన పట్లు కలిపి గట్టి రకం తయారుచేసింది. పదకొండు చట్రాలకు గట్టి రకమే. మూడో చట్రానికి మాత్రం, పోల్చి చూడటానికి, పురుగుది ఎలా దొరికిందో అలాగే పరిచింది. నాకు ఎంత గర్వమేసిందో! కంటికి కనపడని పురుగు ఒంట్లో కంటికి కనపడని తాడు, దానికి పట్లు మార్చగలిగిన చేతులు నా బిడ్డవి. దారిలో ఎదురైనవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాను. సగం తప్పే చెప్పి ఉంటాను.

కృత్తిక కార్తె, 9వ రోజు

ఈ రోజు గురించి పాత పుస్తకంలో ఇలా ఉంది: "మధ్యాహ్నం మూడో చట్రం రంగు పోయింది. పీకి సున్నంలో వేశాను."

మొదటి మాట నిజం. రెండోది అబద్ధం.

మా నీటింటికి ఒక కట్టుబాటుంది. రంగు పోయిన చట్రాన్ని ఆ పూటే పీకి, పొరను సున్నం తొట్టెలో ముంచెయ్యాలి. ఆరేళ్ల కిందట చచ్చిన పొర ఒకటి చూసుకోకపోతే ఉప్పునీరు ట్యాంకులో కలిసి పేటంతా వాంతులు, పసిపిల్లలు వడలిపోయారు. ఆ రోజు నుంచి ఎవరూ ఈ కట్టుబాటు తప్పలేదు.

ఇక మా ఇంటి సంగతి. కళ్లద్దాలు మా ఇద్దరికీ కలిపి ఒక్కటే జత. మధ్యాహ్నం వలలు అల్లడానికి తవిటమ్మకు కావాలి. సరిగ్గా పన్నెండుకు వచ్చి నా ముక్కు మీది నుంచి లాక్కుని పోతుంది. అందుకని నేను మధ్యాహ్నం రాయాల్సింది అద్దాలు ఉండగానే రాసేసి, ఆ తర్వాత పని చేస్తాను. ఏళ్ల తరబడి అలవాటు. రాసింది చెయ్యకుండా ఎప్పుడూ లేను.

ఆ రోజు మూడోది గంజి రంగుకు తిరగడం చూశాను. పీకాను, సున్నంలో వేశాను అని రాశాను. అద్దాలు తవిటమ్మకు ఇచ్చాను. ట్యాంకుకు పోయే కుళాయి కట్టేశాను. ఒక్క క్షణం నీడన కూర్చుందామని కూర్చున్నాను, కూర్చున్నవాణ్ణి కునుకు తీశాను. లేచేసరికి పొద్దు వాలింది. కంగారుగా చట్రం దగ్గరకు పరుగెత్తాను.

వంకాయ రంగు.

కళ్లు నులుముకున్నాను. వేలితో ఒక బొట్టు నాలుక మీద వేసుకున్నాను. తియ్యటి నీళ్లు. చచ్చినది ఎలా లేచింది?

పుస్తకంలో కొట్టివేత ఉంటే పేట పెద్ద చేత సంతకం పెట్టించాలి, కారణం చెప్పాలి. నిద్రపోయానని ఎలా చెప్పను? అందులోనూ గవిరి తండ్రిని. చట్రాన్ని విప్పి, నీటింటి వెనకవైపు దిమ్మె కింద ఎవరికీ కనపడకుండా సముద్రంలోకి దించి కట్టేశాను.

కృత్తిక కార్తె, 13వ రోజు

దొంగతనంగా దాన్ని రోజూ చూస్తున్నాను. మధ్యాహ్నం తెల్లబోతుంది, సాయంత్రానికి రంగు తెచ్చుకుంటుంది. సొమ్మసిల్లి లేచే మనిషిలా. ఎంత ముచ్చటేసిందంటే, పొద్దున్నే ముందు దాని దగ్గరికే పోయి ఉప్పు తుడుస్తున్నాను.

ఇటు గట్టి రకం సంగతి వేరేలా ఉంది. అవి మూడోదాని కంటే నాలుగు రోజులు ఎక్కువే ఓర్చుకున్నాయి, మాట దక్కించుకున్నాయి. ఇవాళ మాత్రం ఏడోది, తొమ్మిదోది, పదోది ఒకేసారి పోయాయి. ఏడూ పదీ సున్నంలో వేశాను. తొమ్మిదోదాన్ని, దేవుడా క్షమించు, కుళాయి కట్టేసి ఊరికే వదిలేశాను. మూడోది లేచింది కదా, ఇదీ లేస్తుందేమోనని సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నాను. లేవలేదు. మర్నాడు పొద్దున చూశాను, అప్పుడూ గంజి రంగే. అప్పుడు సున్నంలో వేశాను.

అంటే బలమైనది పడితే పడ్డట్టే ఉంది. బలం లేనిది రోజూ పడి రోజూ లేస్తోంది. నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యే మనిషికి చెప్పే ధైర్యమూ లేదు.

రోహిణి కార్తె, 2వ రోజు

ఐదు చట్రాలే మిగిలాయి. మనిషికి మూడు చెంబులు పోయి ఒకటిన్నర అయింది. పక్క దిమ్మె వాళ్లు అప్పుడే వంట పాత్రలు గోనెల్లో కడుతున్నారు.

మధ్యాహ్నం మూడింటికి నీటింటికి వెళ్లేసరికి గవిరి నా పుస్తకం ముందేసుకుని కూర్చుంది. వేలు పంక్తి మీద పెట్టి చదువుతోంది.

"మూడోది తొమ్మిదో రోజుకే సచ్చింది. గట్టియ్యి పదమూడు దాకా నిలిసినాయి. అంటే దారి సరైందే, బిగింపు సాలలేదు. ఇంకా గట్టిగా కట్టాల" అంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "సేపల గంజి ఒక్క తొట్టెకే మిగిలింది నాన్నా. ఇదే ఆఖరిది. ఈ సాయంత్రం పోసేస్తాను. ఇది గాని తప్పితే నువ్వు కొండ మీద, నాను పాతపట్నంలో."

నా రాత నమ్మి బిడ్డ ఆఖరి గంజి పోస్తోంది.

"అమ్మీ, పొయ్యకు."

"ఏటి?"

"మూడోది సావలేదు."

"సున్నంలో ఏసినానని రాసినావు గదా."

"రాసినాను. ఏయలేదు."

తను నన్ను చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. "ఎక్కడ?" అంది, అంతే. వెనక దిమ్మె దగ్గరకు తీసుకెళ్లి తాడు లాగి పైకెత్తి చూపించాను. ఎండ మండిపోతోంది, పొర గంజిలా ఉంది.

"ఇది సచ్చిపోయింది నాన్నా" అంది నీరసంగా.

"కూకో. సల్లబడనీ."

ఇద్దరమూ తడిగుడ్డలు నెత్తిన వేసుకుని కూర్చున్నాం. ఐదు దాటాక ఒక మూల వేలిముద్రంత మేర రంగు తేలింది. తర్వాత అంచు పొడవునా. ఆ తర్వాత చూస్తుండగానే మొత్తం పొర వంకాయలా అయిపోయింది. గవిరి లేచి నిలబడి, నా భుజం మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే చరిచింది.

"ఏడు రోజులు! ఏడు రోజులు దాసినావేటి నాన్నా!" అని, వెంటనే నన్ను వాటేసుకుని నవ్వడం మొదలెట్టింది. "గట్టియ్యి? గట్టియ్యి ఇలా లెగుస్తాయా?"

"నేదు. తొమ్మిదోదాన్ని రేత్తిరంతా వదిలి సూసినాను. పడ్డది పడ్డట్టే."

"అదీ దాసినావా?"

"ఒక్క రోజే."

తను దిమ్మె మీద అటూ ఇటూ నడిచింది. నాకు చెబుతోందో తనకే చెప్పుకుంటోందో తెలియలేదు. ఆగి అడిగింది.

"నువ్వు అలివి వల లాగినావు గదా. ఒడ్డున యాభై అరవై మంది తాడు లాగతారు. సేత్తో పట్టుకున్నోడి పట్టు అలకి జారితే ఏటి సేత్తాడు?"

"మళ్లీ పట్టుకుంటాడు. ఈలోగా పక్కోడు అందుకుంటాడు."

"తాడుని నడుంకి ముడేసుకున్నోడు?"

"మా సిన్నాన్న ఏసుకున్నాడొకపాలి. వల ఎనక్కి లాగితే ఆడూ దాంతో ఈడ్సుకుపోనాడు. నలుగురం పట్టుకుని తాడు కోసినాం."

"పదకొండు సట్రాల్లో నాను మీ సిన్నాన్నని పెట్టినాను నాన్నా" అంది.

ఆ తర్వాత విడమరిచి చెప్పింది. ఎండకు మెలికలు కదులుతాయి, కదలక తప్పదు. పట్లు బలహీనమైనవైతే జారి, పక్కదాన్ని అందుకుని, చల్లబడ్డాక మళ్లీ తమ చోటుకు వస్తాయి. అందుకే ఒక్కటి తీసేస్తే పెద్ద తేడా రాలేదు, దాని బదులు పక్కది పట్టుకుంటోంది. తను పెట్టిన బలమైన పట్లు మాత్రం మెలిక తప్పు చోట ఉన్నప్పుడు కూడా అంతే గట్టిగా బిగుసుకుని, ఇక వదల్లేదు. ఏళ్ల తరబడి మనం చచ్చాయనుకుని సున్నంలో వేసినవాటిలో సొమ్మసిల్లినవి ఎన్నో అని తను అన్నప్పుడు ఇద్దరమూ కాసేపు సున్నం తొట్టె వైపు చూడలేకపోయాం.

రోహిణి కార్తె, 3వ రోజు

పొద్దున్నే కూర్మారావు దగ్గరకు నేనే వెళ్లి చెప్పాను. గవిరి వస్తానంది, వద్దన్నాను. అక్కడ పదిమంది ఉన్నారు.

"అబద్దం రాసినావు మావా" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆరేళ్ల కిందట నా మనవరాల్ని ఒళ్లో ఎట్టుకుని కూకున్నాను. నీకు తెల్దేటి?"

"తెలుసు. అందుకే కుళాయి కట్టినాను. ఒక్క బొట్టు ట్యాంకులోకి పోనివ్వలేదు."

"మూర్స నుంచి లేసిన పొర నీళ్లు మంచియ్యని నాకెవుడు సెప్తాడు? కట్టుబాటు మార్సమంటే ఊరికే మారుస్తానా?"

"నాను తాగుతాను. నా తప్పు, నాను తాగుతాను."

మూడో చట్రాన్ని జాడీకి బిగించి, పొద్దెక్కేదాకా పట్టిన నీళ్లు చెంబుతో తెచ్చారు. చెంబు ఎత్తబోతుంటే తవిటమ్మ జనంలోంచి తోసుకుంటూ వచ్చి నా చేతిలోంచి లాక్కుంది.

"కళ్లద్దాల్లో సగం నాది. తప్పులో సగం నాది. సగం నాను తాగుతాను" అంది.

గటగటా తాగి మూతి తుడుచుకుని, "మీ ట్యాంకు నీళ్ల కంటే బాగున్నాయి కూర్మా" అని మిగతాది నాకిచ్చింది. పదిమందీ నవ్వారు. కూర్మారావు మొహం కూడా కొంచెం సడలింది. రెండు రోజులు మాకేమీ కాకపోతే చూద్దాం అన్నాడు. గవిరి మాత్రం రెండు రోజులు ఆగలేదు. ఆ సాయంత్రమే తొట్టెలో గంజి పోసింది.

రోహిణి కార్తె, 8వ రోజు

మాకేమీ కాలేదు. తవిటమ్మ మామూలుగానే నన్ను తిడుతోంది. కూర్మారావు కట్టుబాటు మార్చాడు. రంగు పోతే పీకడం కాదు, కుళాయి కట్టి సాయంత్రం దాకా చూడాలి. తెల్లారినా లేవకపోతేనే సున్నం.

పాతది అలాగే పెడితే చాలదట. రోజులో సగం సేపు సొమ్మసిల్లి ఉంటే ట్యాంకు నిండదు. అందుకని గవిరి కొత్త రకం చేస్తోంది. ఈసారి బలమైన పట్టు ఒక్కటి కూడా కలపలేదు. మెలికలు ఒకదానికొకటి ఒదిగి కూర్చునేలా సందులు సరిచేసింది, ప్రతి పట్టు పక్కనా జారితే అందుకోవడానికి మరో రెండు చోట్లు పెట్టింది. "అన్నీ బలగీనమైనవే నాన్నా, కాకపోతే సాలా ఉన్నాయి" అంది. దానికి మెతక రకం అని పేరు నేనే పెట్టాను.

నేను తొట్టె కలుపుతూ తనని చూస్తూ ఉన్నాను. పదకొండు చట్రాల్లో తను చేసింది తప్పని తనే అందరిముందూ చెప్పింది, మొహం చిన్నబుచ్చుకోలేదు. ఒక్కరోజులో పక్కన పెట్టేసి మళ్లీ మొదలెట్టింది. ఆ పొర గొప్పదే, పురుగు గొప్పదే, కానీ నా కంటికి ఆనింది ఇదే.

రోహిణి కార్తె, 13వ రోజు

మెతక పొరలు నిన్న సాయంత్రం చట్రాలకు పరిచాం. కొత్తవి పదకొండు, తోడుగా పాత పొరతోనే మా మూడోది. ట్యాంకు మొన్నా నిన్నా ఎర్రగీత కిందే. ఇవాళ పొద్దు గుంకేసరికి గీత దాటకపోతే మూడో రోజు అయిపోతుంది. క్యాంపుల వాళ్లు ముందు జాగ్రత్తగా పెద్ద పడవలు ఆరు తెచ్చి పేట పక్కనే లంగరేశారు. మా ఇంటి వస్తువులు కూడా రెండు గోనెల్లో కట్టి గుమ్మంలో పెట్టాం.

పొద్దున జాడీలు బాగా నిండాయి. అయినా గీతకు నాలుగు వేళ్లు తక్కువ. పదకొండున్నరకు సముద్రం ముప్పైతొమ్మిది డిగ్రీలు. పన్నెండున్నరకు ఐదోది తెల్లబడింది. (మా మూడోది పాత రకం కదా, పదకొండుకే పడిపోయింది.) ఒంటిగంటకల్లా పన్నెండు చట్రాలూ గంజి రంగు. నేను ఒక్కొక్క కుళాయీ కట్టుకుంటూ వచ్చాను. చుక్క ఆగిపోయింది.

పేటంతా నీటింటి చుట్టూ చేరింది. కొందరు గోనెల మీదే కూర్చున్నారు. పడవ మీది అధికారి ఒకాయన వచ్చి చూసి, "చచ్చిపోయాయి కదండీ, ఎందుకు ఇంకా ఎండలో నిలబడతారు? పడవలెక్కించేద్దాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

"సూరీడు గుంకనేదు బావూ" అన్నాడు కూర్మారావు.

గవిరి ఆరో చట్రం ముందు నిలబడింది. కొంగు చివర నోట్లో పెట్టుకుని నములుతోంది. రెండయింది. రెండున్నర. నేను తన పక్కన నిలబడి ఏమైనా అనాలని చూశాను. చివరికి, "అన్నం తిన్నావా అమ్మీ?" అన్నాను. నా వంక చూసి తల అడ్డంగా ఊపింది.

మూడు కొట్టాక తవిటమ్మే ముందు చూసింది. అద్దాలు ఆమె ముక్కు మీద ఉన్నాయి మరి.

"ఓలమ్మో, ఆరోది సూడండి!"

ఆరోదాని కింద అంచున సన్నగా వంకాయ గీత. మేం చూస్తుండగానే పైకి పాకింది. తర్వాత రెండోది. పదకొండోది. మా మూడోది అందరికంటే ఆఖరున, తీరిగ్గా లేచింది. జనం అరుస్తున్నారు, గోనెలు తొక్కేస్తున్నారు, నేను కుళాయిలు తిప్పుకుంటూ పోతున్నాను. ప్రతి జాడీ దగ్గరా మొదటి బొట్టు నాలుక మీద వేసుకున్నాను. పన్నెండు బొట్లు. పన్నెండూ తియ్యనివే.

పొద్దు గుంకే ముందు కూర్మారావు ట్యాంకు మీదికెక్కి కొలకర్ర దించాడు. ఎర్రగీత మీద వేలు అడ్డం పెట్టి చూపించాడు. ఒక వేలు పైన!

పడవ మీది అధికారి కొలకర్ర తనూ దించి చూశాడు. గవిరి దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు. అది నేను నా కళ్లతో చూశాను, అద్దాలు లేకుండానే. గవిరి మాత్రం ఆయన్ను పట్టించుకోకుండా, "నాన్నా, రాయి. పని సేసినావు గదా, ఇప్పుడు రాయి" అంది. రాశాను.

మృగశిర కార్తె, మొదటి రోజు, మళ్లీ

నిన్న కూడా నిలిచాయి, ఇవాళ కూడా. పడవలు ఖాళీగా వెనక్కి వెళ్లాయి. మనిషికి రెండున్నర చెంబులు, వారంలో మూడు అవుతాయట. మూడో చట్రం పొరను గవిరి గాజు పెట్టెలో పెడతానంటే ఒప్పుకోలేదు. అది పని చెయ్యనివ్వండి.

కిందటి ఏడాది పేట వదిలి క్యాంపులకు పోయిన మా వాళ్లు చాలామంది ఉన్నారు. రేపు ఒడ్డుకు పోయే పడవలో కబురు పంపాలి. మరిచిపోకుండా రాసుకుంటున్నాను.

మా తమ్ముడు సూరాడ పోలయ్య, పాతపట్నం. ఎడమ చెవి వినపడదు, కుడివైపు నిలబడి రెండుసార్లు చెప్పాలి. నీళ్లున్నాయి, వచ్చెయ్యమనాలి.

చెల్లెలు కొర్లమ్మ, మెళియాపుట్టి. ఏడుస్తుంది. ఏడవనివ్వాలి. తర్వాత, దాని ఇల్లు కట్టిన దిమ్మె ఇంకా ఎవరికీ ఇవ్వలేదని చెప్పాలి.

తవిటమ్మ అన్న గనగళ్ల రాజులు, సీతంపేట. ఈయనకు కాక ఈయన భార్యకు చెప్పాలి. ఈయనకు చెబితే పొర తనే చేశానంటాడు.

మేనకోడలు ఎల్లాజీ, అదే క్యాంపు. ఏడో నెల. పురిటికి ఇక్కడికే రావాలి, నీళ్ల గురించి భయపడక్కర్లేదు.

కొర్లమ్మ కొడుకులు నారాయుడు, దుర్యోధన. ఇద్దరూ వేర్వేరు క్యాంపుల్లో పడ్డారు. ఒకే రోజు చెప్పాలి, ముందు నాకు చెప్పలేదని రెండోవాడు అలుగుతాడు.

మా పిన్ని సీతాలమ్మ, పాతపట్నం. తొంభై నిండాయి. గవిరి ఎవరో గుర్తు లేకపోవచ్చు. "దానయ్య కూతురు" అంటే చాలు.

అల్లుడు ఈశ్వరరావు, గవిరి మొగుడు, ఒడ్డున లారీ తోలుతున్నాడు. గవిరే చెబుతానంది. ఇంకెవరూ చెప్పకూడదు.

అల్లుడి తల్లి, గవిరి అత్తగారు, మెళియాపుట్టి. ఇంట్లో ఉండకుండా పురుగులతో ఆడుకుంటుందని నా బిడ్డను పదిమందిలో అన్న మనిషి. ఆవిడకు కబురు అక్కర్లేదు. ఒక చెంబుడు నీళ్లు పంపితే చాలు.